ఏ దేశపు ఖాతాలోను చేరని పొగ

మనము వంటకు వాడు పామాయిలు, బండ్లకు పోయు పెట్రోలు తీయు ముడిచమురు, ఆఫ్రికానుండి వచ్చు కందిపప్పు, ఇవి యన్నియు ఓడలమీద వచ్చునవే. ప్రపంచ వాణిజ్యములో, సరకు పరిమాణమునుబట్టి, నూటికి 80 పాళ్ళకు పైగా సముద్రముమీదనే సాగుచున్నది. బరువైన సరకును దూరదేశములకు చేర్చుటలో ఓడను మించిన పొదుపైన వాహనము లేదు. అయినను ఓడలు విడుచు పొగ స్వల్పము కాదు. భూతాపమునకు కారణమగు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, అందు ముఖ్యమైనది. అంతర్జాతీయ నౌకాసంస్థ 2020లో ప్రకటించిన లెక్కప్రకారము, మానవులవలన వెలువడు అట్టి వాయువులలో ఇంచుమించు 3 పాళ్ళు 2018లో ఓడలవే.

ఈ పొగను అదుపుచేయుట యేల కష్టమైనది? కర్మాగారము ఒక దేశములో నుండును. దాని పొగకు ఆ దేశమే జవాబుదారి. ఓడ అట్లు కాదు. యజమాని యొక దేశమువాడు, జెండా వేఱొక దేశానిది, నావికులు మఱికొన్ని దేశములవారు. పొగ విడుచునది ఎవరికిని చెందని నడిసముద్రములో. కావుననే 1997నాటి క్యోటో ఒడంబడిక ఆ పొగను దేశముల లక్ష్యములలో చేర్చక, లండనులోని నౌకాసంస్థద్వారా తగ్గింపవలెనని చెప్పినది.

తగ్గించు ఉపాయములలో సులభమైనది ఓడను మెల్లగా నడపుట. కావలసిన యంత్రశక్తి ఇంచుమించు వేగముయొక్క ఘనమునుబట్టి పెరుగును. వేగమును పదవవంతు తగ్గించినచో శక్తి నాల్గవవంతుకు పైగా తగ్గును. ప్రయాణము కొంత ఆలస్యమైనను, మొత్తముమీద ఇంధనము నూటికి 19 పాళ్ళు మిగులును. 2008నాటి ఆర్థికమాంద్యము తరువాత పెక్కు కంపెనీలు ఖర్చు తగ్గించుకొనుటకై ఈ పద్ధతినే అవలంబించినవి.

రెండవ ఉపాయము గాలి. జర్మనీ ఇంజనీరు ఆంటన్ ఫ్లెట్నర్ 1924లో ఓడపై ఎత్తైన స్తంభములను గిరగిర త్రిప్పి, వానిపై వీచు గాలిబలముతో ఓడను నడిపించెను. అట్టి స్తంభములు నేడు మరల కొన్ని సరకు ఓడలపై వెలసినవి. గాలి ఇంధనమును ఆదాచేయును గాని, దానికి పూర్తిగా బదులు కాజాలదు.

మూడవది ఇంధనమునే మార్చుట. 2023లో మెథనాలుతో నడువగల తొలి కంటెయినరు ఓడ "లారా మేర్స్క్" దక్షిణకొరియానుండి డెన్మార్కు చేరినది. అమోనియాలో కర్బనము లేనేలేదు. కాని అది విషవాయువు. పైగా ఈ ఇంధనములను బొగ్గునుండియో సహజవాయువునుండియో తీసినచో, పొగ ఓడను విడిచి కర్మాగారమునకు మారినట్లే యగును. గాలి, ఎండలవలన పుట్టిన విద్యుత్తుతో తయారుచేసిననే ప్రయోజనము. అట్టి ఇంధనము చమురుకంటె ఎంతయో ప్రియము.

ఆ అదనపు ఖర్చును ఎవరు భరింపవలెనన్నదే నేటి వివాదము. 2050 ప్రాంతమునకు నికరపు వాయువులను సున్నకు దింపుదుమని నౌకాసంస్థ సభ్యదేశములు 2023 జూలైలో అంగీకరించినవి. ఐరోపా సమాఖ్య 2024నుండి తన రేవులకు వచ్చు పెద్ద ఓడల పొగకు వెల కట్టినది. ప్రపంచమంతటికిని వర్తించు రుసుముల పథకమును నౌకాసంస్థ 2025 ఏప్రిలులో ఆమోదించినను, దానిని స్థిరపరచుటకు అక్టోబరులో కూడిన సభ ఓట్లు తీసికొని, ఒక సంవత్సరము వాయిదా వేసినది.

వాయిదా ఏడాదియే కదా యని మనము అనుకొనవచ్చును. కాని ఓడ ఆయువు సాధారణముగా ఇంచుమించు 25 ఏండ్లు. ఆ ఏడాదిలో చమురుయంత్రముతో కట్టిన ఓడ 2050లోను పొగ విడుచుచుండవచ్చును.

దీని ఫలము ముందుగా అనుభవించువారు ఎవరు? పసిఫిక్ సముద్రములోని మార్షల్ దీవుల నేల నీటిమట్టమునకు ఇంచుమించు 2 మీటర్లు మాత్రమే ఎత్తు. ప్రపంచములో మిక్కిలి ఎక్కువ ఓడలు ఎగురవేయు జెండాలలో ఆ దేశపు జెండా యొకటి. అట్టి దేశపు విదేశాంగమంత్రి టోనీ డిబ్రమ్ 2015లో లండను సభకు వచ్చి, ఓడల పొగకు పరిమితి విధింపుడని కోరెను. ఓడలవలన ఆదాయము పొందువారే అట్లు కోరిరన్నచో, సముద్రము వారి గడప కెంత దగ్గఱకు వచ్చినదో మనము గ్రహింపవచ్చును.