ఫ్లోరెన్సు నగరపు ఊర్ధ్వకాయప్రతిమలు

"ప్రతికృతి" యను శబ్దము సాదృశ్యమును మాత్రమే తెలుపును. ఆ రూపమును గోరినవాఁ డెవఁడో, దానిచే లోకమున కేమి చెప్పఁదలఁచెనో తెలుపదు. ఇటలీదేశమున ఫ్లోరెన్సు నగరమునందు 15 వ శతాబ్దిని వెలసిన ఊర్ధ్వకాయప్రతిమలను, అనఁగా శిరస్సు మొదలు వక్షము వఱకుఁ గల విగ్రహములను, పరిశీలించినచో ఈ రెండవ యర్థమే ప్రధానమని తోఁచును.

ఇట్టి రూపము పూర్వము సామాన్యులది గాదు. ప్రాచీన రోములోఁ గులీనుల గృహమండపములయందు మృతులైన పూర్వుల మైనపు ముఖములు నిలుపఁబడుచుండెను. మధ్యయుగమున ఊర్ధ్వకాయప్రతిమ తఱచు క్రైస్తవ సాధువుల యస్థిశేషములను దాఁచిన లోహపేటికయై యుండెను. వంశమో పవిత్రతయో లేనిదే దక్కని యా గౌరవమును ఫ్లోరెన్సు వర్తకులును వైద్యులును తాము బ్రతికియుండఁగనే పొందిరి.

తేదీ తెలిసినవానిలో మొదటిదిగా గణింపఁబడునది మీనో ద ఫియెసోలె 1453 లో మలచిన పియెరో దె మెదిచి ప్రతిమ. పియెరో వయస్సు 37 అని దానిపైఁ జెక్కఁబడి యున్నది. ఫ్లోరెన్సు అప్పుడు పేరునకు గణరాజ్యము. పియెరో తండ్రి కోసిమో ధనబలముచే దానిని నడపుచుండెను గాని, ఆ కుటుంబమునకుఁ గిరీటము లేదు. రాజచిహ్నములు ధరింపరాని వానికి విలువైన వస్త్రమును, నిటారుగ నిలిచిన మెడయుఁ జాలెను.

ఆంటోనియో రొస్సెల్లినో 1456 లోఁ జెక్కిన జొవాన్ని కెల్లిని ప్రతిమ ఇంతకంటె విశేషమైనది. కెల్లిని వైద్యుఁడు, అప్పటికి ఎనుబదియేండ్లు దాఁటిన వృద్ధుఁడు. శిల్పి ఆయన ముడుతలలో నొక్కదానినైన మఱుఁగుపఱుపలేదు. వైద్యుని పేరును, శిల్పి పేరును, సంవత్సరమును ప్రతిమ యడుగున తొలిచిన లోపలిభాగమునఁ గలవు. ఇంటివారు ముఖము చూచియే గుర్తింతురు. పేరు రాఁబోవువారి కొఱకని యూహింపవచ్చును. ఈ ప్రతిమ నేఁడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందున్నది.

1474 లో బెనెదెత్తో ద మయానో మలచిన పియెత్రో మెల్లిని యను వర్తకుని ముఖమును ముడుతలతో నిండినదే. పురుషులకు వార్ధకచిహ్నములు అనుభవమునకును, నగరవ్యవహారములయందలి పెద్దఱికమునకును సాక్ష్యములు. స్త్రీల ప్రతిమల రీతి వేఱు. ఫ్రాంచెస్కో లౌరానా చెక్కిన రాకుమార్తెల ముఖములు నునుపై, నిశ్చలములై, తఱచు ఒండొంటిని బోలియుండును. అందుఁ గొన్ని యెవరివో నేఁటికిని నిశ్చయింపఁబడలేదు. కులమర్యాద నిలిచినది, వ్యక్తి మఱుఁగుపడినది.

తరువాతి శతాబ్దిని గణరాజ్యము పోయి, 1537 లో మఱియొక కోసిమో ప్రభువయ్యెను. బెన్వెనూతో చెల్లీని 1545 లో నారంభించిన యాతని కంచుప్రతిమ రోమకచక్రవర్తివలెఁ గవచము ధరించినది. అది 1557 లో ఎల్బాద్వీపమునకుఁ బంపఁబడి కోటద్వారముపై నిలుపఁబడెను. ఇంటిలోఁ గుటుంబగౌరవమును దెలిపిన రూపమే యిచటఁ బ్రభువు లేనిచోట నాతని యధికారమును దెలుపునదయ్యెను.

కాఁబట్టి యీ శిల్పములయందు సాదృశ్యమొక్కటే చూడరాదు. ఏ ముఖమునందు ముడుత నిలువవచ్చునో, ఏ ముఖమునందు నిలువరాదో నిర్ణయించినది శిల్పి యులి మాత్రమే గాదు, ఆనాఁటి సంఘము గూడ.