గాధము - అగాధము



"అగాధము" అను మాట మన నోట తరచు వచ్చుచుండును. అందలి "గాధము" ఏమో విచారించువారు అరుదు. కొందరు దీనిని థకారముతో "అగాథము" అని వ్రాయుచున్నారు. అది సాధువు కాదు. గాధృ ధాతువునకు ధాతుపాఠమున చెప్పిన అర్థములలో మొదటిది ప్రతిష్ఠ, అనగా నిలుచుట. కాలు మోపి నిలువదగిన నీరు గాధము. అట్లు నిలువ వీలులేనిది అగాధము. కావున ఈ శబ్దమునకు ముఖ్యము నీటి పరిమాణము కాదు, అందు మనుష్యుని నిలుకడ.

అమరసింహుడు వారివర్గమున నిమ్న, గభీర, గంభీర శబ్దములను ఒకచోట చేర్చి, వానికి విపరీతమైనది ఉత్తానమనెను. అగాధమును మాత్రము వేరుగా నుంచి, అతలస్పర్శమను పర్యాయము నిచ్చెను. తలమనగా అడుగు, అది తాకరానిది అతలస్పర్శము. గంభీరమైనదెల్ల అగాధము కాదు. ఈ భేదమును నేటి వాడుక చెరిపివేసినది.

లోతునకు మన పూర్వుల కొలబద్ద ఈ శరీరమే. పాణిని ప్రమాణార్థమున ద్వయస, దఘ్న, మాత్ర ప్రత్యయములను విధించెను. జానుదఘ్నమనగా మోకాలిలోతు, నాభిదఘ్నమనగా బొడ్డులోతు, కంఠదఘ్నమనగా పీకలలోతు. (ఈ చివరిమాట నేడు అప్పుల విషయముననే వినబడుట కాలమహిమ.) అంతకు మించినచో నిలువులు లెక్కింతురు. చేతులు పైకెత్తి నిలిచిన మనుష్యుని కొలత పౌరుషము. అగ్నిచయనమున అట్లు నిలిచిన యజమానుని కొలతయే చితికి ప్రమాణము. వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున భూగర్భజలపు లోతును పురుషప్రమాణముతోనే చెప్పెను. అది 120 అంగుళములు. నేడు బోరు వేయించువారు వందల అడుగులు లెక్కించుచున్నారు.

చేతులు ఇరుప్రక్కలకు చాచిన కొలత వ్యామము, తెలుగున బార. ఆంగ్లేయుల ఫాథమ్ కూడ మొదట ఇదియే. పిమ్మట ఆరడుగులుగా స్థిరపడినది. ఆ మాటనే వారు గ్రహించుట అను అర్థమునను వాడుదురు. మన "అవగాహన" యు అట్టిదే. గాహ ధాతువునుండి పుట్టిన ఆ శబ్దమునకు మొదటి అర్థము నీట మునుగుట, తెలియుట తరువాతిది. మునిగినవానికే తెలియునని దాని భావము కాబోలు.

పత్రికలలో ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టము 1790 అడుగులని చదివి, అంత లోతని భ్రమపడరాదు. అది సముద్రమట్టము నుండి లెక్కించిన ఎత్తు. మట్టము వేరు, లోతు వేరు.

ఈ శబ్దవిచారమంతయు ఏల యందురేమో. మనుస్మృతి చతుర్థాధ్యాయమున స్నాననిషేధములు చెప్పబడినవి: భుజించిన పిమ్మట, రోగియై యున్నపుడు, నడురేయి, ఎరుగని జలాశయమున స్నానము కూడదు. ఈ చివరి నిషేధమునే మనము మరచుచున్నాము. ప్రగతి నగర్‌లోని చెరువునకు వినాయక నిమజ్జనమునకై ఎందరో వత్తురు. చెరువునీరు పైకి నిశ్చలముగా నుండును. అడుగున పూడిక, బురద. ఒడ్డున మొలలోతున్నదని నాలుగడుగుల ఆవల కూడ అంతేయని తలచరాదు. అట్టి నీట దిగుట భక్తి కాదు, శాస్త్రోల్లంఘనమని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. ప్రతిమను క్రేనునకు అప్పగించినచో ఫలము తగ్గునేమోనని శంకించువారు గలరు. తగ్గదు.

తీర్థ శబ్దమునకు గల అర్థములలో నీట దిగు రేవు ఒకటి. అనగా గాధమెరిగిన పెద్దలు మనకు చూపిన చోటు. 2027లో గోదావరి పుష్కరములకు బాసర, ధర్మపురి, భద్రాచలము వెళ్లువారు ఆ రేవు విడిచి దిగరాదు. ఇసుక త్రవ్విన గుంటలు నిరుటి మోకాలిలోతును ఈయేట అగాధము చేసియుండవచ్చును. సంకల్పమునకు జానుదఘ్నము చాలును. మునక వేయువారును నాభిదఘ్నము దాటనక్కరలేదు. పిల్లలను, వృద్ధులను మెట్లమీదనే కూర్చుండబెట్టి చెంబుతో నీరు పోసినను స్నానమే.