నీటికి విడిచిన నేల

కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి సంస్కృత శిలాశాసనం ఒకటి ఉంది. విజయనగరాధీశుడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడి పెద్ద చెరువును కట్టించిన సందర్భంగా వేయించిన శాసనమది. వంశస్తుతి, దానఫలం వంటివి ఇందులోనూ ఉన్నాయి కాని, దీని విశిష్టత వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు పట్టగల ఆరు దోషాలను ఇది వరుసగా పేర్కొంటుంది. రోజుకు వెయ్యిమంది పనివారు, వంద బండ్ల చొప్పున రెండేళ్లు శ్రమిస్తే నిర్మాణం పూర్తయిందని కూడా తెలుపుతుంది.

జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి నది, కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, దగ్గరలో రాతిగని, నేర్పరులైన పనివారు ఆ అంగాలలో కొన్ని. కట్ట నుండి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం మొదటి నాలుగు దోషాలు. చివరి రెండు మరింత ఆలోచింపజేస్తాయి: నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం ఒక దోషం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం మరొకటి. అంటే ఆనాటివారి దృష్టిలో చెరువు కేవలం నీటి గుంట కాదు, నీటికీ నేలకూ మధ్య కుదిరిన ఒక లెక్క.

తెలంగాణ, రాయలసీమల భౌగోళిక స్థితి ఈ లెక్కను అనివార్యం చేసింది. వానలు కొన్ని నెలలకే పరిమితం. నేల అడుగున గట్టి రాయి ఉండడం వల్ల లోతుకు ఇంకే నీరు తక్కువ. పెద్ద నదులు పొలాలకన్నా బాగా దిగువన పారుతాయి. పడిన వానను పడిన చోటనే పట్టుకోవడం తప్ప మార్గాంతరం లేదు. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువులు, ఊరూరా చిన్న చెరువులు, కుంటలు ఆ విధంగానే వెలిశాయి.

వీటిలో చాలావరకు గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండగానే మిగులు నీరు అలుగు మీదుగా వాగులోకి, అక్కడి నుండి దిగువ చెరువులోకి చేరుతుంది. తెలంగాణలో మత్తడి అని, మరికొన్ని ప్రాంతాల్లో కలుజు అని పిలిచేది ఈ అలుగునే. తూము పంటకు నీరిస్తుంది. అలుగు కట్టను కాపాడుతుంది. తూము కింది పొలం ఆయకట్టు. నీరు నిండినప్పుడు మునిగి, తగ్గినప్పుడు తేలే నేల శిఖం. నీరు తీసిన శిఖంలో రైతు పంట వేసుకోవచ్చు గాని, ఇల్లు కట్టుకోడు. ఆ నేల ఏటా కాకపోయినా ఏదో ఒక ఏడు నీటికి కావలసి వస్తుందని ఊరందరికీ తెలుసు. తూము తెరిచి మూసేందుకు నీరటికాడు ఉండేవాడు. చెరువు కట్టించి, మరమ్మతులు చూసేవారికి దశబంధం పేరిట మాన్యం ఉండేది.

నగరం ఈ లెక్కను ఎలా మార్చిందో హైదరాబాదు చరిత్ర చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15 వేలమంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి 150 మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న దాదాపు 800 చెరువులలో 200కు పైగా తెగిపోయాయని ఆయన పరిశీలనలో తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీటి భారమంతా కింది చెరువు కట్ట మీద పడుతుంది. ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరద వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఖాళీ చోటు ఉంచడమే ఆ ప్రణాళికకు మూలం. చెరువు కట్టినవారి సూత్రం కూడా అదే.

తరువాతి విస్తరణలో ఆ సూత్రం మరుగున పడింది. ముందుగా ఆయకట్టు ఇళ్లస్థలాలుగా మారింది. పొలం లేకపోయేసరికి తూము తెరిచే అవసరం పోయింది. వేసవికి ఖాళీ కావలసిన చెరువు మురుగునీటితో ఏడాది పొడుగునా నిండి ఉండసాగింది. నిండిన చెరువుకు వానను పట్టే చోటు ఉండదు. తొలి జడివానకే అలుగు పారుతుంది. ఈలోగా అలుగు వాగు నాలాగా కుంచించుకుపోయింది, శిఖంలో కాలనీలు లేచాయి. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజున 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, 2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగినప్పుడు నీరు తన పాత దారులనే వెతుక్కుంది.

ఈ పొరపాటు ఒక్క హైదరాబాదుది కాదు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన హ్యూస్టన్‌లో 1929, 1935 వరదల తరువాత నగరాన్ని కాపాడడానికి అడిక్స్, బార్కర్ అనే రెండు జలాశయాలను 1940లలో నిర్మించారు. మామూలు రోజుల్లో అవి పొడిగా ఉంటాయి. గరిష్ఠంగా నీరు నిలవగల నేలనంతా ప్రభుత్వం సేకరించలేదు. మిగిలిన అంచుల్లో కాలక్రమాన ఇళ్లు వెలిశాయి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను సమయంలో అక్కడి వేలాది ఇళ్లు మునిగాయి. కట్టల రక్షణకు వదిలిన నీటితో దిగువ ఇళ్లూ మునిగాయి. తెలుగు పల్లె భాషలో చెప్పాలంటే అది శిఖంలో కట్టిన ఊరు.

తెలంగాణలో 2015లో పనులు మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పల్లె చెరువుకు పూడికతీత మేలుచేస్తుంది. నగర చెరువుకు అది చాలదు: మురుగు రాకుండా చూడాలి, వానకాలానికి ముందు మట్టం తగ్గించాలి, అలుగు నుండి కింది చెరువు దాకా దారి తెరిచి ఉంచాలి. స్వస్థలంలో ఇంటిస్థలం కొనే ప్రవాసులకు కూడా ఇందులో పాత్ర ఉంది. ధర, రోడ్డు, పట్టాతో పాటు గ్రామ నక్షాను, చెరువు పూర్తి నీటిమట్టం హద్దును, పాత వాగు దారిని చూడడం అవసరం. శిఖం భూముల్లో పట్టా ఉన్నవీ ఉంటాయి. ఆ పట్టా నీరు తీసినప్పుడు సాగుచేసుకోవడానికే గాని, ఇల్లు కట్టుకోవడానికి కాదు.