వాడిన డీజిలు కారు



సంతలో ఎద్దును కొనువారు కొమ్ములకు పూసిన రంగును చూచి బేరము సేయరు. పండ్లు లెక్కింతురు, నడిపించి చూతురు, అమ్మువాడు నిజముగా యజమానుడా యని విచారింతురు. వాడిన కారును కొనునపుడును ఇట్టి విచారణయే కావలెను. కుమారుడు బేరము కుదుర్చుకొని వచ్చి సొమ్మడిగిన నాడు సలహా చెప్పవలసినవారు మీరే గనుక, ఈ సంగతులు మీకు తెలిసియుండుట మేలు.

వెనుక తలుపు పైకి లేచు చిన్న కుటుంబపు కార్లలో టాటా ఇండికా 1998 చివర వెలువడెను. మారుతీ స్విఫ్టునకు 2007లో డీజిలు యంత్రము అమర్చబడెను. 2020 ఏప్రిల్‌లో పొగను గూర్చిన కఠిన నిబంధనలు అమలులోనికి రాగా మారుతీ సంస్థ డీజిలు కార్లను మానుకొనెను. కావున నేడు అమ్మకమునకు వచ్చు డీజిలు స్విఫ్టు ఎంత చక్కగా మెఱయుచున్నను అయిదేండ్లు దాటినదే.

మొదట అవసరమును విచారింపుడు. డీజిలు యంత్రములో నిప్పురవ్వ లేదు. గాలిని పదునాఱవ వంతునకో, అంతకంటె తక్కువకో అణచగా అది 500 డిగ్రీలకు పైగా వేడెక్కును. అందు చిమ్మిన ఇంధనము తనంతట మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఇట్టి యంత్రమును జయప్రదముగా నడిపెను. 1900లో పారిస్ ప్రదర్శనమున ఇట్టి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడిచెను. గాలిని అంతగా అణచుటచేత లీటరునకు ఎక్కువ పని జరుగును. కాని ఆ ఒత్తిడికి ఓర్చు భాగములు ఖరీదైనవి.

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు శిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 80. డీజిలు కారు లీటరునకు 20, పెట్రోలు కారు 16 కిలోమీటర్లు నడుచుననుకొందము. ఒకదానికి నాలుగు లీటర్లు, రెండవదానికి అయిదు లీటర్లు పట్టును. ఏటా 300 దినములు తిరుగువానికి 300 లీటర్లు మిగులును. వారమున కొకసారి పోవువానికి మిగులునది సుమారు 50 లీటర్లే. ఇంజెక్టరు గాని టర్బో గాని ఒక్కమాఱు చెడినచో ఆ కొద్ది లాభము అనేక సంవత్సరములవఱకు దానికే చెల్లును. మఱియు ఇంటినుండి అంగడికి మాత్రమే తిరుగు బండిలో యంత్రము చక్కగా వేడెక్కక లోపల మసి పేరుకొనును. దూరపు దారి గలవానికే డీజిలు బండి తగును.

రెండవది యంత్ర పరీక్ష. అమ్మువాడు ముందుగానే నడిపి వేడిచేసి యుంచిన బండిలో దోషములు దాగును. తెల్లవాఱగనే పోయి, ఇంజనుపై చేయి పెట్టి అది చల్లగా నున్నదని తెలిసికొని, మీ యెదుటనే కదలింపుమనుడు. నల్లని పొగ విడువక వచ్చినచో ఇంధనము సరిగా కాలుట లేదు. నీలిపొగ యైనచో ఇంజను ఆయిలు కాలుచున్నది. వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ తగ్గనిచో యంత్రమును చల్లబఱచు నీరు లోపలికి కారుచుండవచ్చును. యంత్రము నడుచుచుండగా ఆయిలు పోయు మూతను తీసి చూడుడు. బుసబుస ఆవిరి యెగసినచో రింగులు అరిగినవని శంకింపవలెను. తిరిగిన దూరమును చూపు అంకెలను వెనుకకు త్రిప్పువారు కలరు గనుక, ఆ యంకెను సర్వీసు చీట్లతో పోల్చి చూడుడు.

కొన్న పిమ్మట పోషణ వేఱొకటి. మన రేగడినేలల దుమ్ము గాలి వడపోతను త్వరగా మూసివేయును. దానిని తఱచుగా చూడవలెను. డీజిలు వడపోతలో చేరిన నీటిని తీయించుచుండవలెను. దూరము వేగముగా నడిపి వచ్చిన వెంటనే యంత్రమును ఆపక ఒక నిమిషము ఊరక తిరుగనిచ్చినచో టర్బో చల్లబడును.

మూడవది పత్రము. ఇందు జాగ్రత్త కొనువానికంటె అమ్మువానికే ఎక్కువగా కావలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాష్ట్రములోనే అమ్మినపుడు అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా శాఖకు తెలుపవలెను. పేరు మాఱకయే ఒక కారు పలువురి చేతులు మాఱి ప్రమాదము చేసిన వ్యాజ్యమున, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రిజిస్టరులో పేరున్నవాడే యజమానుడనియు, నష్టపరిహారమునకు అతడే బాధ్యుడనియు తీర్పు చెప్పెను. బండిని ఎన్నడో అమ్మి మఱచిన రైతుపై, తాను కన్నెఱుగని ప్రమాదపు భారము పడవచ్చునన్నమాట.

కావున 29, 30 సంఖ్యల ఫారములపై సంతకములు చేయుడు. ఖాళీ కాగితముపై మాత్రము చేయకుడు. బ్యాంకు అప్పున్నచో అది తీఱినట్లు పత్రము తీసికొనుడు. భీమాను కూడ 14 దినములలో పేరు మార్పించుడు. పేరు మాఱు వఱకు కొనువాడు సొమ్ములో కొంత నిలుపుకొనుట న్యాయము. మార్పిడి పూర్తియగు వఱకు అమ్మువాడు దాని వెంటబడి తిరుగుట అవసరము.

సెలవు.