రక్తం పలికే సాక్ష్యం

ఉత్తర తెలంగాణ ప్రజలకు జొన్నరొట్టె తరతరాల ఆహారం. కాగితపు మిల్లు పేరుతో వెలసిన కాగజ్‌నగర్ వంటి పట్టణాలలో నేడు దాని సరసన గోధుమ చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్టు కూడా చేరాయి. అత్యధికులకు గోధుమ బలవర్ధకమైన ధాన్యమే. కాని కొద్దిమందికి అదే అనారోగ్య హేతువవుతుంది. ఆ వ్యాధి పేరు సిలియాక్.

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. గోధుమపిండి ముద్ద సాగడానికి కారణం అదే. అనువంశిక లక్షణం గల కొందరిలో శరీర రక్షణ వ్యవస్థ ఈ గ్లూటెన్‌ను శత్రువుగా భావిస్తుంది. ఆ పోరాటంలో తన సొంత కణజాలంలోని ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైముపైనే ప్రతిరక్షకాలను సృష్టిస్తుంది. ఆహారసారాన్ని గ్రహించే చిన్నప్రేగు చూషకాలు క్రమంగా అణగారిపోతాయి. తిన్న తిండి ఒంటబట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లలలో ఎదుగుదల లోపం, ఐరన్ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత కనిపించవచ్చు.

ఈ వ్యాధికి గోధుమతో గల సంబంధాన్ని నిరూపించినవాడు డచ్చి శిశువైద్యుడు విల్లెమ్ డికె. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో ఏర్పడిన తీవ్రమైన ఆహారపు కొరత ఆయన అనుమానాన్ని బలపరచింది. 1950లో ఆయన తన పరిశీలనలను సిద్ధాంతవ్యాసంగా సమర్పించాడు. ప్రతిరక్షకాల గురి ట్రాన్స్‌గ్లుటామినేజ్ అని 1997లో జర్మనీ పరిశోధకులు గుర్తించడంతో నేటి రక్తపరీక్షకు మార్గం ఏర్పడింది.

పరీక్ష సులభమైనది. రక్తం నుండి వేరుచేసిన సీరాన్ని ఆ ఎంజైము పూసిన పలకపై వేస్తారు. ప్రతిరక్షకాలుంటే దానికి అంటుకుంటాయి. తరువాత కలిపే ద్రావణాల వలన రంగు పుడుతుంది. రంగు గాఢతను బట్టి వాటి పరిమాణం తెలుస్తుంది. సాధారణంగా కొలిచేది ఐజీఏ రకం ప్రతిరక్షకాలను. కొందరిలో పుట్టుకతోనే ఐజీఏ లోపిస్తుంది గనుక దాని మొత్తం పరిమాణాన్ని కూడా చూడాలి. పరీక్ష వ్యాధిని సూచించినప్పుడు పెద్దలలో సాధారణంగా ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు ముక్కను పరిశీలించి నిర్ధారిస్తారు.

భారతదేశంలో 23,331 మంది పెద్దలను పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తర భారతంలో వ్యాధి 1.23 శాతం, దక్షిణాన 0.10 శాతం. వంశలక్షణం రెండు చోట్లా దాదాపు సమానమే. కాని గోధుమ వాడకంలో ఎంతో వ్యత్యాసముంది. అయితే అరుదైన వ్యాధి తలపునకు రాకపోవడమే రోగికి ప్రమాదం. మన ప్రాంతంలో రక్తహీనతకు పోషకాహార లోపం, నులిపురుగులు, ఆదివాసీ గూడేలలో సికిల్ సెల్ వ్యాధి వంటి కారణాలను ముందుగా పరిశీలించవలసిందే. అవేవీ కానప్పుడు సిలియాక్‌ను మరువరాదు.

అనుమానం కలిగిన వెంటనే గోధుమ మానివేయడం పొరపాటు. గ్లూటెన్ అందకపోతే ప్రతిరక్షకాలు క్రమంగా తగ్గి, వ్యాధి ఉన్నా పరీక్షలో లేనట్లే కనిపించవచ్చు. కనుక పరీక్షలన్నీ ముగిసేవరకు వైద్యుని సలహా మేరకు గోధుమ తింటూనే ఉండాలి. నిర్ధారణ అయిన పిమ్మట మాత్రం జీవితాంతం విడువవలసిందే.

అలా విడిచినవారికి మన నేల ఆహారం కొరత చేయదు. వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్నలలో సిలియాక్ రోగికి హాని చేసే గ్లూటెన్ లేదు. అయితే గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది. ఆ చిన్న జాగ్రత్త పాటిస్తే, తాతలనాటి జొన్నరొట్టెయే ఆ రోగికి పథ్యం.