చమురు బావికీ ఓ జాతకం

ఇక్కడ ట్రాయ్‌లో మన తెలుగువాళ్ళలో చాలామందికి అన్నం పెట్టేది కార్ల కంపెనీలే కనక, 'విన్' నంబరంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ 17 అక్షరాలు చూస్తే బండి జాతకం తెలిసిపోతుంది. అమెరికాలో చమురు, గ్యాస్ బావులకీ అలాంటిదొకటుంది. పేరు ఏపీఐ నంబరు. మన ప్రోగ్రామర్లకి తోచే ఏపీఐ కాదు లెండి, ఇది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్! 1960లలో ఆ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2010లో దీని నిర్వహణ పీపీడీఎం అనే సంస్థ చేతికి వెళ్ళింది.

బావికి పేరుంటుంది కదా, నంబరెందుకు? పేరు నిలవదు. తవ్విన కంపెనీ బావిని ఇంకొకరికి అమ్ముతుంది, వాళ్ళు పేరు మారుస్తారు, ఆనక దివాలా తీస్తారు. నలభై ఏళ్ళ తర్వాత అందులోంచి మీథేన్ కారుతోందంటే, సిమెంటుతో మూయాల్సిన బాధ్యత ఎవరిదో తేల్చడానికి పాత కాగితాలన్నిటినీ కలిపే దారం ఒకటి కావాలి.

మా ఊరున్న ఓక్లండ్ కౌంటీలో బావి నంబరు 21-125 అని మొదలవుతుంది. 21 అంటే మిషిగన్. 125 ఓక్లండ్. కౌంటీలని అక్షరక్రమంలో పేర్చి బేసి సంఖ్యలిచ్చారు, మాది 63వది. తర్వాతి 5 అంకెలు ఆ బావివి. అక్కడికి 10. అదే బావిలోంచి పక్కకి మళ్ళించి ఇంకో రంధ్రం తొలిస్తే దానికి 2 అంకెలు, ఆ రంధ్రంలో మళ్ళీ చేసిన పనులకి ఇంకో 2. మొత్తం 14. ఒక టేబుల్లో 10, ఇంకో టేబుల్లో 14 ఉన్నప్పుడు ఆలోచించకుండా జాయిన్ చేస్తే ఒకే చమురుని రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

ఇంతకంటే పెద్ద గొయ్యి ఇంకోటుంది. కౌంటీ కోడ్లు జనాభా లెక్కల వాళ్ళ ఫిప్స్ కోడ్లలాగే ఉంటాయి, రాష్ట్రాల కోడ్లు మాత్రం వేరు. ఫిప్స్‌లో మిషిగన్ 26, కెంటకీ 21. రెండూ ఒకటేననుకుంటే, ఓక్లండ్ బావులన్నీ మ్యాపులో ఎగిరెళ్ళి కెంటకీలోని లారెల్ కౌంటీలో వాలతాయి. ఎర్రర్ కూడా రాదు! విన్‌లో ఉన్నట్టు సరిచూసుకునే అంకె ఇందులో లేదు మరి. కాలిఫోర్నియా కోడు 04. ఎక్సెల్ ఆ సున్నాని ఎలా మింగుతుందో మీకు తెలిసిందే.

నన్నడిగితే, నంబరులో చిరునామా ఇరికించడమే చిక్కు. మన కోనసీమ సంగతే చూడండి. 1995 జనవరిలో బ్లోఅవుటై 65 రోజులు మండిన ఓఎన్‌జీసీ బావి పేరు పాశర్లపూడి-19. అప్పుడది తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కోనసీమ జిల్లా. పేరులో జిల్లా లేదు కనక బతికిపోయింది.

అమెరికాలో అసలు నంబరే లేని బావులూ బోలెడు. పెన్సిల్వేనియాలో 1859లోనే చమురు తవ్వారు, అంటే నంబర్లు రావడానికి దాదాపు వందేళ్ళ ముందు. దిక్కులేని బావుల్ని మూయడానికి 2021 చట్టంలో 470 కోట్ల డాలర్లు కేటాయించారు. కానీ ముందు వాటి జాడ తెలియాలిగా! అందుకే డ్రోన్లకి మాగ్నెటోమీటర్లు కట్టి, అడవుల్లో పాత ఇనప గొట్టాల కోసం వెతుకుతున్నారు.