హిమక్రీము రుచిమరిగిన యముడు

టీవీలో ‘యమలీల’ వస్తోందంటే మా నరసరావుపేట పిల్లలం కరెంటు పోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లం. ఎదురుచూపంతా ఒక్క ముచ్చట కోసమే. కిరీటం పెట్టుకుని, మీసం మెలేసి, నోరు తెరిస్తే గ్రాంథికం తప్ప పలకని యమధర్మరాజు ఐస్‌క్రీము రుచి మరుగుతాడు. దానికి ‘హిమక్రీము’ అని సంస్కృతం కూడా తొడుగుతాడు. చిత్రగుప్తుడూ పక్కనే ఉంటాడు.

1994లో ఎస్వీ కృష్ణారెడ్డి తీసిన ఆ సినిమాలో యముడు కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడు బ్రహ్మానందం. బ్రహ్మానందం మావాడే, ముప్పాళ్ల మండలం చాగంటివారిపాలెం. ఆయన పుట్టిన 1956లో అది గుంటూరు జిల్లా. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మాకు ‘మావాడు’ అనే హక్కు ఇంకాస్త గట్టిపడింది. సినిమాల్లోకి రాకముందు ఆయన అత్తిలి కాలేజీలో తెలుగు చెప్పేవారు. చిత్రగుప్తుడి సమాసాలు ఆ నోట అంత తేలిగ్గా దొర్లడానికి అదే కారణమని నా అనుమానం.

ఇలా భయపెట్టాల్సినవాణ్ణి పట్టుకుని నవ్వించడం అమెరికా టీవీ కూడా 1964 సెప్టెంబరులో చేసింది. ఆరు రోజుల తేడాతో ‘ఆడమ్స్ ఫ్యామిలీ’, ‘మన్‌స్టర్స్’ మొదలయ్యాయి. నాకు రెండోదే ఇష్టం. ఫ్రాంకెన్‌స్టైన్ భూతం మొహమేసుకుని ఫ్రెడ్ గ్విన్ రోజూ ఉద్యోగానికి వెళ్లొస్తాడు. ఉద్యోగం శవసంస్కారాల కంపెనీలో. భార్య రక్తపిశాచి, మామగారు సాక్షాత్తూ డ్రాక్యులా. ఇంట్లో చక్కని చుక్కలాంటి మేనకోడలు ఒకతె ఉంటే, పాపం ఈ పిల్ల మొహం ఇలా అయిందేమిటని వాళ్లు జాలిపడతారు! తమాషా ఏమంటే, తండ్రి వేషం కట్టిన ఆల్ లూయిస్ కన్నా కూతురు వేషం వేసిన ఇవాన్ డి కార్లో ఎనిమిది నెలలు పెద్దది. ‘మన్‌స్టర్స్’ 70 భాగాలు నడిచి 1966లో ఆగిపోయింది. గ్విన్‌ని మాత్రం ఆ భూతం చాలా ఏళ్లు వదల్లేదు. ఎక్కడికెళ్లినా జనానికి ఆ వేషం తాలూకు బూట్లే గుర్తొచ్చేవి.

వాళ్లు భూతానికి కాపురం పెట్టారు. మనవాళ్లు యముడికి ఆఫీసు పెట్టారు. అదీ తేడా. 1960లో ‘దేవాంతకుడు’లో ఎస్వీ రంగారావు యముడిగా కూర్చున్నప్పటినుంచీ ఆ లోకానికి కచేరీ వాసన అంటుకుంది. 1977 నాటి ‘యమగోల’లో ఎన్టీఆర్ పైకి వెళ్లి యమభటుల చేతే సమ్మె చేయించాడు. ‘యముడికి మొగుడు’లో ప్రాణం లెక్క తప్పింది. ‘యమలీల’కొచ్చేసరికి ఏకంగా భవిష్యవాణి పుస్తకమే జారి భూలోకంలో పడింది. రిజిస్టరు పోగొట్టుకున్న ఆఫీసరూ గుమాస్తా దాన్ని వెతుక్కుంటూ ఊరిమీద పడితే ఎలా ఉంటుందో, సత్యనారాయణ, బ్రహ్మానందం నడక అచ్చం అలాగే ఉంటుంది. పైవాడు గర్జిస్తాడు, కిందివాడు నసుగుతాడు. తహసీల్దారు ఆఫీసుకి పనిమీద ఒక్కసారైనా వెళ్లినవాడికి ఆ నసుగుడు కొత్తకాదు.

బ్రహ్మానందం ఆ తర్వాత ‘యమదొంగ’లోనూ చిత్రగుప్తుడయ్యారు, యముడు మాత్రం మోహన్‌బాబు. సత్యనారాయణ 2022 డిసెంబరులో పోయారు. యముడనగానే నాకిప్పటికీ ఆయన మొహమే కనిపిస్తుంది.

హెల్మెట్ పెట్టుకోండని చెప్పడానికి మన పట్టణాల్లో పోలీసులు అప్పుడప్పుడు యముడి వేషగాణ్ణి కూడలిలో నిలబెడుతుంటారు. కుర్రాళ్లు బండి ఆపుతారు. గద పట్టుకున్న ఆయన భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగుతారు. తర్వాత ఉత్త తలతోనే వెళ్లిపోతారు.